పాస్టరుగారి పెట్టెలో మన తాతల పేర్లు

వరంగల్ చరిత్ర అనగానే విద్యార్థులకు శాసనాలు చెప్తారు. ఖిలా, వేయిస్తంభాల గుడి, రామప్ప. ఆ తర్వాత నిజాం ఫర్మానాలు, దేశ్‌ముఖుల గడీలు, 1946-51 సాయుధ పోరాటం. శాసనంలో దానమిచ్చిన రాజు పేరుంటది, పుచ్చుకున్న బ్రాహ్మణుని పేరుంటది. చెరువు మట్టి మోసినవాళ్ల పేర్లు రాయి మీదికి ఎక్కలేదు. నిజాం రెవెన్యూ దఫ్తరులోనూ అంతే. పట్టా ఉన్నవాడి పేరు పట్వారి రాస్తాడు, భూమి లేనివాడితో అతనికి పనేముంది? మాలమాదిగలు ఆ కాగితాల్లోకి వచ్చింది ఎక్కువగా ఊడిగం పేరుతోనే. బేగారి, నీరడి, సేత్‌సింధి అని పని పేరు రాసి, దానికిచ్చిన ఇనాం చెక్క రాస్తారు. తెలంగాణలో భూమి హక్కులకు ఇవాళ్టికీ ఆధారంగా చూపే 1954-55 ఖాస్రా పహాణీలో కూడా భూమి లేని కుటుంబానికి ఒక్క గీత దొరకదు.

మరి మన ముత్తాతల పేర్లు, అవ్వల పేర్లు, తారీఖుతో సహా, ఎవరైనా ఎక్కడైనా రాసిపెట్టారా? రాశారు. చర్చి బాప్తిస్మపు రిజిస్టర్లలో రాశారు. వాటిలో చాలామటుకు ఇప్పటికీ పాస్టరుగారి ఇనప పెట్టెలోనో, చర్చి బీరువాలోనో పడి ఉన్నాయి. వీటిని మతం కాగితాలని మన చరిత్రకారులు పక్కన పెట్టారు. మార్క్సిస్టులకు అవి మిషనరీల కాగితాలు, జాతీయవాదులకు మతమార్పిడి కాగితాలు. మేము వాటిని దళితవాడ కాగితాలుగా చదవాలంటున్నాము.

హన్మకొండలో అమెరికన్ బాప్టిస్టులు మిషను కేంద్రం పెట్టింది 1879లో. అంతకు ఒక్క ఏడాది ముందు ఒంగోలు ప్రాంతంలో జరిగింది మనకు తెలిసిందే. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు, వాళ్లలో అత్యధికులు మాదిగలు. కరువులో గంజి కోసం మతం మారారని అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటారు. జాన్ క్లౌ కరువు సాగినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడన్న సంగతి మాత్రం ఆ మాట అనేవాళ్లు చెప్పరు. ఇక్కడ మాకు కావలసింది ఇంకొకటి. రెండు వేల రెండు వందల ఇరవై రెండు అని ఖచ్చితంగా లెక్క తేలిందంటే ఏటి ఒడ్డున ఎవరో కాగితం పట్టుకొని ఉన్నారన్నమాట. మాదిగోళ్లను మంద లెక్కన చూసిన కాలంలో ఒక్కొక్కరినీ ఒకరుగా లెక్కపెట్టారు.

ఇక డోర్నకల్. ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలో ఉంది, నాడు నిజాం రాజ్యపు వరంగల్ జిల్లాలోది. 1912 డిసెంబరు 29న కలకత్తాలో వేదనాయకం శామ్యూల్ అజరయ్య ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పుగా అభిషేకం పొందింది ఈ పీఠానికే. తర్వాత కృష్ణా, గోదావరి ప్రాంతాల సంఘాలు కూడా కలిసి, 1940ల మొదట్లో ఆ పీఠం కింద రెండు లక్షలకు పైగా క్రైస్తవులున్నారు. మాలలు, మాదిగలే ఎక్కువ. ఆంగ్లికన్లది కాగితాల సంప్రదాయం. ప్రతి బాప్తిస్మం, ప్రతి పెండ్లి, ప్రతి సమాధి రాయాల్సిందే.

ఈ సంప్రదాయం ఎక్కడిదో కొంచెం చెప్పుకోవాలి. ఇంగ్లండులో ఎనిమిదో హెన్రీ మంత్రి థామస్ క్రామ్‌వెల్ 1538లో ప్రతి పారిష్ చర్చిలో రిజిస్టరు ఉండాలని ఉత్తర్వు చేశాడు. 1812 చట్టం గళ్లు కొట్టిన అచ్చు ఫారం తెచ్చింది. బాప్తిస్మం తేదీ, బిడ్డ పేరు, తల్లిదండ్రుల పేర్లు, ఇంటిపేరు, నివాసం, తండ్రి హోదా లేదా వృత్తి, బాప్తిస్మం ఇచ్చిన గురువు పేరు. ఇప్పుడవి అక్కడి జిల్లా స్థాయి ఆర్కైవులలో, కౌంటీ రికార్డు ఆఫీసులలో భద్రంగా ఉన్నాయి. నూరేండ్లు దాటినవాటిని చర్చిలో సరిగ్గా కాపాడలేకపోతే అక్కడికి పంపాలని 1978లో నియమం కూడా చేసుకున్నారు. ఇంగ్లండు కూలివాడి మనవడు ఆ ఆఫీసుకు పోయి, తన ముత్తాత ఏ దొర పొలంలో పనిచేశాడో చూసుకోవచ్చు. అక్కడి పేదల చరిత్ర చాలావరకు ఆ పుస్తకాల నుంచే లేచింది.

మనదగ్గర కూడా కొందరి రిజిస్టర్లు అంత భద్రంగానే ఉన్నాయి. అవి సికింద్రాబాదు కంటోన్మెంటు తెల్లవాళ్లవి. చాప్లెయిన్లు బాప్తిస్మాల, పెండ్లిండ్ల, సమాధుల నకళ్లు మద్రాసుకు పంపితే, అక్కడినుంచి లండన్ చేరాయి. ఇప్పుడవి బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీసు రికార్డులలో ఉన్నాయి, మైక్రోఫిల్ములు తీశారు, పేర్ల సూచికలున్నాయి. అప్పుడప్పుడు ఒక దేశీయ క్రైస్తవుడి పేరు తగుల్తుంది గాని అవి ముఖ్యంగా దొరల జాబితాలు. సికింద్రాబాదు సిపాయిదొర బిడ్డ ఎప్పుడు పుట్టిందో లండన్‌లో తెలుస్తుంది. వరంగల్ పల్లెలో అదే ఏడు బాప్తిస్మం పొందిన మాదిగ పోరడి సంగతి చెదలకు తెలుస్తుంది.

రిజిస్టర్లన్నీ ఒక్కతీరుగా ఉండవు. ఇది తెలియక విద్యార్థులు తికమక పడతారు. ఆంగ్లికన్లు, కథోలికులు పసిబిడ్డలకు బాప్తిస్మమిస్తారు కాబట్టి వాళ్ల పుస్తకం దాదాపు జనన రికార్డు. బాప్టిస్టులు విశ్వాసం ఒప్పుకున్నవాళ్లకే నీళ్లలో ముంచి ఇస్తారు, కాబట్టి హన్మకొండ వైపు సంఘాలలో పుట్టిన తేదీ కోసం వెతకొద్దు. అక్కడ ఉండేది సభ్యుల పట్టీ. కానీ బాప్టిస్టు లెక్కల్లో ఇంకో విలువైనది ఉంది. ఏటేటా సభ్యుల లెక్క పంపేటప్పుడు చనిపోయినవారు, వెలివేయబడినవారు, మళ్లీ చేర్చుకోబడినవారు అని వేర్వేరుగా చూపేవారు. ఈ వెలి లెక్క మాకు చాలా ముఖ్యం. మిషనరీ దృష్టిలో అది పడిపోయినవాళ్ల జాబితా. మన దృష్టిలో అది జాతరకు పోయినవాళ్లది, డప్పు వదలనివాళ్లది, రెండో పెండ్లి చేసుకున్నవాళ్లది, అంటే మిషనరీ చెప్పినట్టల్లా వినని దళితులది. కథోలిక మేత్రాసనం వరంగల్‌కు 1952లో వచ్చింది. రెండో వాటికన్ సభ ముగిసేదాకా కథోలిక గురువుల కలం లాటిన్‌లోనే నడిచేది గనుక, మన యేసోబు అక్కడ జోసెఫుస్ అయి కనిపిస్తాడు. అంతకు మించి వాటిలో భయపడాల్సింది లేదు.

అన్నిటికన్నా ఎక్కువసేపు ఆగాల్సింది పేర్ల దగ్గర. ఊర్లో మనవాళ్ల పేరు సగమే పలికేవారు. ఎల్లయ్య కాదు ఎల్లిగాడు, పోచమ్మ కాదు పోచి. డెబ్బై ఏండ్ల ముసలాయన్ని కూడా దొర కొడుకు 'అరేయ్' అనే పిలిచేటోడు. రిజిస్టరులో 'గాడు' రాయడానికి గడి లేదు. అక్కడ పూర్తి పేరు రాయాలి, ఇంటిపేరు వేరే రాయాలి. మనకు ఇంటిపేర్లు లేవని కాదు, వాటిని అడిగినవాడే లేడు.

దీనికి రెండో వైపు కూడా ఉంది, దాన్ని దాచిపెట్టడం మాకు ఇష్టం లేదు. పూర్తి పేరు రాస్తూనే మిషనరీ ఆ పేరును మార్చేశాడు. ఎల్లయ్య, మల్లయ్య, కొమురయ్య, పోచమ్మ, ఎల్లమ్మ అన్నీ మన దేవతల పేర్లు, మన వాడ పేర్లు. వాటిని విగ్రహారాధన పేర్లన్నారు. అబ్రహాము, సంసోను, మరియమ్మ వచ్చారు. బైబిలు పేర్లు నోరు తిరగకపోతే దేవదానం, జీవరత్నం, ప్రకాశం, కరుణమ్మ, శాంతమ్మ, సువార్తమ్మ వచ్చారు. ఈ రెండో రకం పేర్ల మీద ఎవరైనా పనిచేస్తే బాగుంటుంది. ఇవి సంస్కృతం పేర్లు, మాదిగ వాడకు సంస్కృతం చర్చి తలుపులోంచి వచ్చింది. పేరు మార్చుకోవడం అప్పట్లో క్రైస్తవుల పనే కాదు. 1888లో హైదరాబాదులో పుట్టిన మాదరి భాగయ్య, భాగ్యరెడ్డి వర్మ అయి ఆది హిందూ ఉద్యమం నడిపాడు. ఎవరి దారి వారిది, కానీ అందరూ 'గాడు' నుంచి బయటపడే తొవ్వే వెతుకుతున్నారు.

తల్లి పేరు ఇంకో సంగతి. పట్వారి కాగితంలో మనిషి అంటే ఫలానావాడి కొడుకు ఫలానావాడు. 1812 నాటి ఇంగ్లీషు ఫారంలో తల్లి పేరు కూడా అడుగుతారు. ఆ నమూనా మన పల్లెకు వచ్చినప్పుడు నాట్లేసే అవ్వ పేరు, వెట్టికి పోయే అవ్వ పేరు మొదటిసారి కాగితం మీదికి వచ్చింది. దళిత స్త్రీల చరిత్రకు ఆధారాలు లేవనేవాళ్లు ఈ ఒక్క గడి చూస్తే చాలు.

ఇక తండ్రి వృత్తి అన్న గడి. ఇంగ్లండులో కమ్మరి, వడ్రంగి, పాలేరు అని రాసుకునేవారు. మనవాడికి ఏమని రాయాలి? తోలు ఊనుతాడు, చెప్పులు కుడతాడు, మోట బొక్కెన కుడతాడు, పీనుగ ముందు డప్పు కొడతాడు, చచ్చిన పశువును మోస్తాడు, దొర వస్తే గడి ముందు పడుంటాడు. ఇన్ని పనులను ఒక్క గడిలో ఇరికించేది ఎక్కువగా ఉపదేశి. చాలాచోట్ల అతనూ ఆ వాడవాడే, నాలుగు అక్షరాలు నేర్చుకున్నవాడు. 'కూలి' అని ఒక్క మాట రాస్తే కులం పోయి శ్రమ మిగులుతుంది, 'మాదిగ' అని రాస్తే శ్రమ పోయి కులం మిగులుతుంది. ఆ ఒక్క మాట ఎంపికలో ఎంత రాజకీయం ఉందో, అది తర్వాత కోర్టులలో తేలింది.

1950 ఆగస్టు 10న వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా, హిందువు కానివాడు షెడ్యూల్డు కులస్తుడు కాడన్నది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను, ముస్లింలను చేర్చలేదు. మన రాష్ట్రంలో దళిత క్రైస్తవుడు బి.సి.-సి, ఒక్క శాతం. 1977 నాటి జీవో 341 కొన్ని సౌకర్యాలు ఇచ్చింది గాని రాజ్యాంగ హక్కు ఇవ్వలేదు. బాప్తిస్మం తీసుకున్నంత మాత్రాన ఊరు వాడను తన బావి దగ్గరికి రానిచ్చిందా? రానియ్యలేదు. సమాధుల దొడ్డి మారిందేమో గాని వాడ మారలేదు. అయినా కాగితం మాత్రం మారాలన్నారు.

అప్పటినుంచి మన ముత్తాతల పేరు కాపాడిన పుస్తకమే మన పిల్లలకు ముప్పు అయ్యింది. 2024 నవంబరు 26న సుప్రీంకోర్టు పుదుచ్చేరి మహిళ ఒకరి కేసులో తీర్పిచ్చింది. పసితనంలో బాప్తిస్మం పొందినట్టు రికార్డు ఉన్నది, ఆ మతాచారాలే పాటిస్తున్నది, కాబట్టి రిజర్వేషన్ కోసం హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమేనన్నది. రిజిస్టరు సాక్షి అయ్యింది. అయితే ఇదే రిజిస్టరు ఇంకో కేసులో మన తరఫు సాక్షి కూడా కాగలదు. 2015లో కేరళ కేసు ఒకదానిలో సుప్రీంకోర్టు, తాతల కాలంలో మతం మారిన కుటుంబంవాడు తిరిగి హిందువైతే ఎస్.సి. హోదా దొరకాలంటే మూడు రుజువులు కావాలన్నది. పూర్వీకుల కులం ఫలానా అని స్పష్టమైన ఆధారం, తిరిగి మారిన ఆధారం, ఆ కులం తనలో చేర్చుకున్న ఆధారం. మొదటి రుజువు ఎక్కడ దొరుకుతుంది? పట్వారి రాయని కులాన్ని ఉపదేశి రాసిన ఆ గడిలోనే దొరకొచ్చు. ఒకే గీత ఒక మనవడికి సర్టిఫికెట్టు ఇప్పిస్తుంది, ఇంకో మనవరాలి ఉద్యోగం ఊడగొడుతుంది.

భయం లెక్కల్లోనే కనిపిస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభాలో క్రైస్తవులు 1971లో 4.19 శాతం, 2011లో 1.34 శాతం. ఈ నలభై ఏండ్లలో చర్చిలు ఖాళీ అయ్యాయని ఎవరూ అనలేరు. ఆదివారం పేరు వేరు, ఆఫీసు పేరు వేరు. సంఘంలో దేవదానం, బడి రిజిస్టరులో ఎల్లయ్య. అంటే మిషనరీ తీసేసిన పేరు 1950 ఉత్తర్వు దెబ్బకు తిరిగి ఇంటికొచ్చింది! దీన్ని దొంగతనం అనేవాళ్లున్నారు. రెండు పేర్లతో బతకమని రాసింది ప్రభుత్వం, బతుకుతున్నది మనం.

అందుకే ఈ రిజిస్టర్ల మీద పరిశోధన చేసేవాళ్లకు, మాతో సహా, కొన్ని కట్టుబాట్లు ఉండాలి. 1950 ఆగస్టు 10కి ముందరి పుటలను ఇప్పుడే నకలు తీయాలి. చెదలు, వాన కారే కప్పు, పాస్టరు బదిలీ, ఇవి కమిషన్ల నివేదికల కోసం ఆగవు. రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే మూడో పేరా తొలగించాలని చెప్పింది, ఇంకా అమలు లేదు. ఆ తేదీ తర్వాతి పుటలు సంఘం దగ్గరే ఉండాలి, కుటుంబం ఒప్పుకోకుండా ఎవరికీ చూపొద్దు, మాకూ చూపొద్దు. ముందరి పుటలలో కూడా ఊరి పేరు, ఇంటిపేరు కలిపి అచ్చు వేయొద్దు. థీసిసులో 'ఫలానా మండలంలోని ఒక వాడ' అంటే సరిపోతుంది. గైడుకు నచ్చకపోవచ్చు. ఇంగ్లండు పద్ధతి మక్కీకి మక్కీ మనకు పనికిరాదు. అక్కడ ముత్తాత పేరు బయటపడితే మనవడి నౌకరీ పోదు.

నకలు ఎక్కడ పెట్టాలన్నది తగువు. హైదరాబాదు ఆర్కైవులో పెడితే పరిశోధకునికి సులువు, వాడవాళ్లకు దూరం, పైగా ఏ అధికారి చేతిలో పడతదో తెలియదు. మొదటి నకలు ఆ వాడకే చేరాలని మా అభిప్రాయం, చదువుకున్న పిల్లలు పెద్దల ముందు పేర్లు గట్టిగా చదవాలి. ఎవరు దేవదానమో, అతని పాత పేరు ఏదో, జీవరత్నమ్మ ఎవరి బిడ్డో చెప్పగలిగిన అవ్వలు కొద్దిమందే మిగిలారు. రిజిస్టరులో కొత్త పేరే ఉంటది, పాత పేరు వాళ్ల నోట్లో ఉంటది. రెండూ పక్కపక్కన పెట్టి రాసుకునే పని ఈ ఎండాకాలమే మొదలుపెట్టాలి.