జబ్బకు గ్రీకు పేరు

అలియాబాద్‌లో దర్జీ దగ్గర జాకెట్టు కొలతలిచ్చేటప్పుడు ‘జబ్బ దగ్గర కాస్త వదులు’ అంటే చాలు. దండకడియంలోని ‘దండ’ కూడా ఆ చోటే.

రాజీవ్ రహదారి పట్టుకుని నగరంలోని ఆసుపత్రికెళ్తే మాట మారుతుంది: బ్రేకియోప్లాస్టీ. గ్రీకులో బ్రాఖియోన్ అంటే పైచెయ్యి, ప్లాస్టోస్ అంటే మలిచినది. ప్లాస్టిక్ సర్జరీకీ, మన బకెట్ల ప్లాస్టిక్కుకీ చుట్టరికం ఈ ‘మలచడం’ వరకే. జర్మన్ వైద్యుడు ఎడ్వర్డ్ త్సైస్ తన పుస్తకానికి ఆ పేరు పెట్టింది 1838లో. పూర్తిగా కృత్రిమమైన తొలి ప్లాస్టిక్, బేకలైట్, పుట్టింది 1907లో!

బ్రేకియోప్లాస్టీలో, బాగా బరువు తగ్గాక జబ్బ కింద వేలాడే చర్మాన్ని కోసి తీసేసి, మిగిలినదాన్ని బిగించి కుడతారు. వాపు, తిమ్మిరి మామూలే. కొన్ని వారాలు బిగుతు తొడుగు తప్పదు.

చంక నుంచి మోచేతి దాకా లోపలివైపు పడే మచ్చ ఏడాదికి పల్చబడుతుంది గానీ మాయం కాదు.