హార్మోన్ మాత్రలు ఆపాలా, కొనసాగించాలా? నెలసరి ఆగిన ఆడవాళ్ళు తెలుసుకోవలసిన విషయాలు

మురమళ్ళ: ఇషా నమాజ్ అయ్యాక రోజూ ఒక మాత్ర. రెండేళ్ళుగా అదే అలవాటు. ఒకరోజు పెళ్ళిలో కలిసిన చుట్టాలావిడ "అది వేసుకుంటే క్యాన్సర్ వస్తుందట ఆపా" అంటుంది. ఆ రాత్రి నుంచే మాత్ర బంద్. కొన్నాళ్ళకే ఒళ్ళంతా ఆవిర్లు, చెమటలు, నిద్ర లేకపోవడం మళ్ళీ మొదలు. ఇంట్లో చెప్పుకోవడానికి మొహమాటం. పెద్దాసుపత్రికి వెళ్ళాలంటే అమలాపురం, లేదా ఎదుర్లంక వంతెన దాటి యానాం మీదుగా కాకినాడ. కోనసీమలో ఇలాంటి పరిస్థితి ఏ ఇంట్లోనైనా రావచ్చు. అందుకే హార్మోన్ మాత్రలు ఎప్పుడు ఆపాలి, ఎవరు తొందరపడకూడదు, ఆపాక ఏమవుతుంది అనే విషయాలను ఒకచోట ఇస్తున్నాం.

అసలు ఈ మాత్రలు ఎందుకు?

వరుసగా 12 నెలలు నెలసరి రాకపోతే దాన్ని మెనోపాజ్ అంటారు. మన దేశంలో ఇది సగటున 46, 47 ఏళ్ళ ప్రాంతంలో వస్తుంది. అండాశయాల్లో ఈస్ట్రోజెన్ తయారీ పడిపోవడం వల్ల వేడి ఆవిర్లు, రాత్రి చెమటలు, నిద్రలేమి, చిరాకు, యోని పొడిబారడం, ఎముకలు గుల్లబారడం లాంటివి మొదలవుతాయి. తగ్గిన హార్మోన్‌ను బయటి నుంచి ఇవ్వడమే హార్మోన్ రీప్లేస్‌మెంట్ థెరపీ, అంటే హెచ్‌ఆర్‌టీ.

గర్భసంచి ఉన్నవాళ్ళకు ఈస్ట్రోజెన్‌తో పాటు ప్రొజెస్టిరాన్ కూడా ఇస్తారు. ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడితే గర్భసంచి లోపలి పొర మందమై క్యాన్సర్ వచ్చే ముప్పు ఉంది. కాబట్టి మత్తుగా ఉందనో, ఖర్చనో ప్రొజెస్టిరాన్ ఒక్కటి మానేసి రెండోది వేసుకోవడం అన్నిటికంటే ప్రమాదమైన పొరపాటు. ఆపితే రెండూ ఆపాలి, అదీ డాక్టరుకు చెప్పి.

క్యాన్సర్ భయం ఎక్కడి నుంచి వచ్చింది?

2002 జులైలో అమెరికాలో విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అనే పెద్ద అధ్యయనంలో ఒక భాగాన్ని మధ్యలోనే ఆపేశారు. అందులో 16,608 మంది మహిళలు ఉన్నారు. రెండు హార్మోన్లూ కలిపి వాడిన వాళ్ళలో ఏడాదికి ప్రతి 10,000 మందిలో రొమ్ము క్యాన్సర్ కేసులు 8, పక్షవాతం 8, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డలు 8, గుండె జబ్బులు 7 ఎక్కువగా కనిపించాయి. అదే లెక్కలో పెద్దపేగు క్యాన్సర్ 6, తుంటి ఎముక విరగడం 5 తగ్గాయి. వార్తల్లో మొదటి సగమే ప్రపంచమంతా తిరిగింది. లక్షల మంది మాత్రలు మానేశారు.

తర్వాత చూస్తే ఆ మహిళల సగటు వయసు 63 ఏళ్ళు. అంటే చాలామంది నెలసరి ఆగిన ఎన్నో ఏళ్ళకు మందు మొదలుపెట్టారు. 60 ఏళ్ళలోపు, లేదా మెనోపాజ్ వచ్చిన పదేళ్ళలోపు మొదలుపెట్టిన ఆరోగ్యవంతులకు ముప్పు తక్కువని, లాభం ఎక్కువని తర్వాతి విశ్లేషణల్లో తేలింది. 2025 నవంబర్‌లో అమెరికా ఎఫ్‌డీఏ ఈ మందులపై ఉన్న గుండె జబ్బులు, రొమ్ము క్యాన్సర్, మతిమరుపు హెచ్చరికల పెట్టెను తీసేస్తున్నట్టు ప్రకటించింది. గర్భసంచి క్యాన్సర్ గురించిన హెచ్చరికను మాత్రం ఈస్ట్రోజెన్ ఒక్కటే ఉన్న మందులపై ఉంచింది.

అలాగని ముప్పు అసలే లేదని కాదు. 2019లో లాన్సెట్ పత్రికలో వచ్చిన లెక్క చూడండి. పాశ్చాత్య దేశాల్లో అసలు హార్మోన్లు వాడని 100 మందిలో 50 నుంచి 69 ఏళ్ళ మధ్య రొమ్ము క్యాన్సర్ వచ్చేది సుమారు 6.3 మందికి. 50 ఏళ్ళకు మొదలుపెట్టి రెండు హార్మోన్లూ రోజూ 5 ఏళ్ళు వాడితే అది 8.3 అవుతుంది. ఈస్ట్రోజెన్ ఒక్కటే అయితే 6.8. వాడే కాలం పెరిగేకొద్దీ ముప్పు పెరుగుతుంది. ఆపాక తగ్గుతుంది కానీ కొంత మిగిలే ఉంటుంది.

గర్భసంచి తీసేసిన వాళ్ళ లెక్క వేరు

ఇది మన రాష్ట్రానికి ముఖ్యమైన సంగతి. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశంలో సుమారు 3 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 శాతం. దేశంలోకెల్లా ఇదే ఎక్కువ.

గర్భసంచితో పాటు రెండు అండాశయాలూ తీసేస్తే 35 ఏళ్ళకైనా ఒక్కరోజులో మెనోపాజ్ వచ్చేస్తుంది. ఇలాంటివాళ్ళకు మరే అడ్డంకీ లేకపోతే సహజంగా నెలసరి ఆగే వయసు దాకా, అంటే సుమారు 50 ఏళ్ళ వరకు హార్మోన్ వాడమని డాక్టర్లు చెబుతారు. మధ్యలో మానేస్తే ఎముకలకు, గుండెకు నష్టం. 63 ఏళ్ళ వాళ్ళ లెక్కలు చూసి 40 ఏళ్ళ మనిషి భయపడి ఆపడం సరికాదు. మీ ఆపరేషన్‌లో అండాశయాలు ఉంచారో తీశారో డిశ్చార్జ్ కాగితంలో రాసి ఉంటుంది. ఆ కాగితం పారేయకండి.

ఎవరు వెంటనే డాక్టరును కలవాలి?

రొమ్ము క్యాన్సర్, గుండెపోటు, పక్షవాతం, కాళ్ళలో లేదా ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ, తీవ్రమైన కాలేయ జబ్బు వచ్చినవాళ్ళకు ఈ మాత్రలు సాధారణంగా ఆపేస్తారు. ఒక కాలు ఒక్కసారిగా వాచి నొప్పి పెట్టినా, ఛాతీలో నొప్పి, ఆయాసం వచ్చినా, మాట తడబడినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. మందు మొదలుపెట్టిన కొన్ని నెలలు కొద్దిగా రక్తం కనిపించడం మామూలే. ఆ తర్వాత కనిపించినా, ఎక్కువగా పోయినా, మాత్రలు ఆపేశాక వచ్చినా పరీక్ష చేయించుకోవాల్సిందే.

ఆపాలనుకుంటే ఎలా?

ఇన్నేళ్ళకు ఆపాలనే గీత ఒకటి లేదు. ఏడాదికోసారి డాక్టరుతో కూర్చుని బాధలు, వయసు, బీపీ, షుగరు, ఇంట్లో క్యాన్సర్ చరిత్ర చూసుకుని నిర్ణయించుకోవాలి. ఒక్కసారిగా ఆపినా, కొంచెం కొంచెంగా తగ్గించినా చివరికి ఫలితంలో పెద్ద తేడా ఉండదు. మెల్లగా తగ్గిస్తే మొదటి వారాల్లో బాధ కొంత తక్కువగా ఉండవచ్చు. మన దగ్గర ఏప్రిల్, మే ఉక్కలో కంటే చలికాలంలో ఆపి చూడడం తేలిక.

ఆపినవాళ్ళలో దాదాపు సగం మందికి ఆవిర్లు తిరిగి వస్తాయి. కొందరికి కొన్ని వారాల్లో సర్దుకుంటాయి. తట్టుకోలేకపోతే తక్కువ మోతాదులో మళ్ళీ మొదలుపెట్టే దారి ఉంది. హార్మోన్ కాని మందులూ ఉన్నాయి. యోని పొడిబారడం, మూత్రంలో మంట లాంటివి మాత్రం వాటంతటవి తగ్గవు. వాటికి అక్కడే రాసే క్రీము సరిపోతుంది, ఆ హార్మోన్ ఒంట్లోకి చేరేది చాలా తక్కువ. ఎముకలకు దొరికిన రక్షణ మందు ఆపాక తరిగిపోతుంది. కాబట్టి క్యాల్షియం, విటమిన్ డి, నడక, అవసరమైతే డెక్సా స్కాన్ గురించి అడగండి.

బీపీ, బరువు, షుగరు ఉన్నవాళ్ళు ఆపడానికి ముందు ఇంకో మాట అడగాలి. మాత్ర బదులు చర్మానికి అంటించే ప్యాచ్ లేదా జెల్ వాడినవాళ్ళలో రక్తం గడ్డల ముప్పు పెరిగినట్టు అధ్యయనాల్లో కనిపించలేదు. అందరికీ ఆపడమే దారి కాకపోవచ్చు, రూపం మార్చినా సరిపోవచ్చు.

రోజా, నమాజ్, హలాల్ సందేహాలు

రంజాన్ కోసమని మాత్ర మానక్కర్లేదు. రోజుకొక్కటే కాబట్టి ఇఫ్తార్ తర్వాతకో, సహరీకో మార్చుకోవచ్చు. ప్రొజెస్టిరాన్ మత్తు ఇస్తుంది కనుక రాత్రి పడుకునేముందే మంచిది. చర్మంపై ప్యాచ్‌లు, పూత మందుల వల్ల రోజా పోదని అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ 1997లో జెద్దాలో తీర్మానించింది. యోనిలో పెట్టే మందులపై హనఫీ ఉలమాల్లో భిన్నాభిప్రాయం ఉంది. ఇఫ్తార్ తర్వాత పెట్టుకుంటే ఆ సందేహమే రాదు.

కొన్ని రకాల మాత్రలతో నెలనెలా రక్తం వస్తుంది. అది హైజా, ఇస్తిహాజానా, నమాజ్ సంగతేంటి అన్నది ఏ మందు, ఎన్ని రోజులు అనే వివరాలతో ఆలిమాను లేదా ముఫ్తీని అడగండి. కానీ ముందు డాక్టరుకు చెప్పండి. ఇక మందు దేనితో తయారైందన్న విషయం: కాంజుగేటెడ్ ఈస్ట్రోజెన్లు చూడి గుర్రాల మూత్రం నుంచి తీసినవి. ఎస్ట్రడియాల్ సాధారణంగా మొక్కల పదార్థాల నుంచి తయారవుతుంది. ప్రొజెస్టిరాన్ క్యాప్సూళ్ళలో జెలటిన్ ఉండవచ్చు. అభ్యంతరం ఉంటే మానేయకుండా వేరే రకం రాయమని అడగండి.

వెళ్ళేటప్పుడు తీసుకెళ్ళాల్సినవి

మాత్రల ఖాళీ స్ట్రిప్, ఆపరేషన్ కాగితాలు, బీపీ, షుగరు రిపోర్టులు, మామోగ్రామ్ తీయించుకుని ఉంటే ఆ ఫిల్ము. కువైట్ నుంచో, దుబాయ్ నుంచో తెచ్చుకున్న మందైతే డబ్బా కూడా. అది ఇక్కడ అదే పేరుతో దొరక్కపోవచ్చు, పేరు చూసి షాపులో వేరేది కొనుక్కోవద్దు.

ఇంట్లో మగవాళ్ళకు ఒక మాట. అమ్మీకో, భార్యకో రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదంటే అది వయసు చాదస్తం కాదు, వైద్యం ఉన్న బాధ. ఆపాలా వద్దా అన్న నిర్ణయం ఆమెది, డాక్టరుది. బండి తీసి అమలాపురం దాకా తీసుకెళ్ళడం మన పని.