అమెరికా విశ్వవిద్యాలయ ప్రవేశాలు - ‘ప్రతిభ’ భావన: ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

2023 జూన్ 29న అమెరికా సుప్రీంకోర్టు హార్వర్డ్, నార్త్ కరోలినా విశ్వవిద్యాలయాల ప్రవేశ విధానాలను రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది. విద్యార్థుల ఎంపికలో జాతిని ఒక అంశంగా పరిగణించే పద్ధతికి దానితో దాదాపు తెరపడింది. ఈ తీర్పును గురించిన చర్చలో ఒక పక్షం ‘మెరిట్’ గెలిచిందన్నది. మరొక పక్షం సమానత్వం ఓడిందన్నది. తెలుగులో మెరిట్‌కు ‘ప్రతిభ’ అన్న అనువాదం స్థిరపడింది. ఆ మాట వాడిన క్షణంలోనే వాదంలో సగం తేలిపోతుంది. ప్రతిభ గలవారికి చోటు దక్కడం న్యాయమే కదా! అయితే ప్రతిభను కొలిచిన సాధనాలు ఏవి, అవి ఎవరి చేతిలో ఎలా మారాయి అన్న ప్రశ్నకు చరిత్ర ఇచ్చే సమాధానం అంత సూటిగా లేదు. దానిని పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం.

పరీక్ష పుట్టుక

మొదటి ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా సైన్యం సుమారు 17 లక్షల మందికి బుద్ధి పరీక్షలు జరిపింది. ఆ ఫలితాలను ఆధారం చేసుకొని ప్రిన్స్‌టన్ మనస్తత్వ శాస్త్రవేత్త కార్ల్ బ్రిగమ్ 1923లో ఒక గ్రంథం ప్రకటించాడు. ఉత్తర ఐరోపా జాతులవారి బుద్ధి శ్రేష్ఠమని, తక్కినవారి బుద్ధి తక్కువదని అందులో ప్రతిపాదించాడు. అదే సంవత్సరం భగత్ సింగ్ థింద్ వ్యాజ్యంలో, భారతీయులు ‘శ్వేతజాతీయులు’ కారు కనుక పౌరసత్వానికి అర్హులు కారని అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. మరుసటి సంవత్సరం వలసలను కఠినంగా నియంత్రించే చట్టం వచ్చింది. ఆ వాతావరణంలోనే బ్రిగమ్ నాయకత్వాన రూపొందిన శాట్ పరీక్షను 1926 జూన్‌లో సుమారు 8,000 మంది తొలిసారి రాశారు.

బ్రిగమ్ 1930లో తన పూర్వవాదాన్ని తానే ఖండించుకున్నాడు. ఉన్న పరీక్షలతో జాతుల బుద్ధిని పోల్చడం సాధ్యం కాదని, తన అధ్యయనానికి పునాది లేదని అంగీకరించాడు. పండితుడు వెనక్కి తగ్గినా పరీక్ష మాత్రం ముందుకే సాగింది.

‘శీలం’ అనే మరో కొలత

ఇదే కాలంలో హార్వర్డ్‌లో కథ వేరుగా నడిచింది. అక్కడ యూదు విద్యార్థుల వాటా 1900లో సుమారు 7 శాతం. 1922 నాటికి అది 21 శాతం దాటింది. వారు మార్కులతోనే ప్రవేశం సంపాదించారు. అధ్యక్షుడు లారెన్స్ లోవెల్ దీనిని సమస్యగా భావించి పరిమితి విధించాలని ప్రతిపాదించాడు. పుట్టిన తరువాత తన పేరు గాని తండ్రి పేరు గాని మార్చుకున్నారా అని దరఖాస్తులో అడగడం ఆనాడే మొదలైంది. బహిరంగ పరిమితిని అధ్యాపక సంఘం 1923లో తిరస్కరించింది. 1926లో కొత్త పద్ధతి వచ్చింది. మార్కులకు తోడు శీలం, వ్యక్తిత్వం, నాయకత్వ లక్షణం వంటివి ఎంపికకు ప్రాతిపదికలయ్యాయి. యూదు జాతి అన్న మాట నిబంధనలలో ఎక్కడా లేదు. అయినా ఆపై వారి వాటా 15 శాతం దరిదాపులకు దిగింది.

అంటే 1920 దశకంలో రెండు సాధనాలు సిద్ధమయ్యాయి: ఒకటి అంకెల పరీక్ష, రెండవది వ్యక్తిత్వ సమగ్ర పరిశీలన. రెండింటి పుట్టుకలోనూ జాతిభేద భావన ఉంది.

సాధనాలు చేతులు మారిన తీరు

1933లో హార్వర్డ్ అధ్యక్షుడైన జేమ్స్ కొనాంట్, సంపన్న కుటుంబాలకు దూరంగా ఉన్న ప్రాంతాల తెలివైన బాలురను వెతకడానికి శాట్‌ను వినియోగించాడు. జాతి శ్రేష్ఠత వాదం నీడలో పుట్టిన పరీక్ష ఇప్పుడు వంశ గౌరవానికి ప్రత్యామ్నాయమైంది.

రెండవ సాధనం గతి ఇంకా విచిత్రం. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ వైద్య కళాశాలలో 100 సీట్లకు 16 అల్పసంఖ్యాక వర్గాలకు కేటాయించగా, 1978లో బాకీ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు ఆ కోటాను కొట్టివేసింది. కాని జాతిని అనేక అంశాలలో ఒకటిగా చూడవచ్చునన్నది. అందుకు ఆదర్శంగా న్యాయమూర్తి పావెల్ చూపినది హార్వర్డ్ పద్ధతినే. యూదులను తగ్గించడానికి వాడిన సమగ్ర పరిశీలన, నల్లజాతి విద్యార్థులను చేర్చుకొనే మార్గమైంది. 2003లో గ్రుట్టర్ తీర్పు దీనిని సమర్థించింది.

2014లో దాఖలైన వ్యాజ్యంలో ఆసియా సంతతి విద్యార్థుల పక్షాన వినిపించిన ఫిర్యాదు ఇదే సాధనంపైనే. చదువులో ముందున్నా ‘వ్యక్తిగత గుణాల’ అంచనాలో తమకు తక్కువ స్థానం వస్తున్నదని వారు వాదించారు. ఉద్దేశపూర్వక వివక్ష రుజువు కాలేదని 2019లో దిగువ కోర్టు తేల్చినా, సుప్రీంకోర్టు 2023లో దానిని తిరగదోడింది. విచారణలో మరొక సత్యమూ బయటపడింది. హార్వర్డ్‌లో చేరిన శ్వేతజాతి విద్యార్థులలో 43 శాతానికి పైగా క్రీడాకారులు, పూర్వ విద్యార్థుల సంతానం, అధ్యాపకుల సంతానం, దాతలు మొదలైన ప్రముఖులతో సంబంధమున్నవారు. తీర్పు ఈ ద్వారాన్ని మూయలేదు. వ్యాజ్యానికి మూలం జాతి ప్రాతిపదిక. వంశ ప్రాతిపదిక దాని పరిధిలో లేదు.

ప్రతిభ, వ్యుత్పత్తి, అభ్యాసం

ఈ సందర్భంలో మన అలంకారశాస్త్ర పరిభాష కొంత వెలుగునిస్తుంది. మమ్మటుడు కావ్యహేతువుగా శక్తి, నిపుణత, అభ్యాసాలను కలిపి చెప్పాడు. దండి సహజ ప్రతిభను అంగీకరిస్తూనే, అది లేనివారికి సైతం పాండిత్యం, కృషి కొంత ఫలాన్నిస్తాయన్నాడు. ప్రతిభ జన్మతః వచ్చేది. నిపుణత లేక వ్యుత్పత్తి లోకాన్ని, శాస్త్రాలను చూడడం వల్ల కలిగేది. అందుకు గురువు, గ్రంథం, తీరిక కావాలి. అభ్యాసానికి కాలం కావాలి.

పరీక్షలో వచ్చిన అంకె ఈ మూడింటి మిశ్రమం. దానిని ‘ప్రతిభ’ అని పిలిచినప్పుడు వ్యుత్పత్తికి అయిన వ్యయం కనుమరుగవుతుంది. బ్రిగమ్ చేసి, తరువాత విడిచిన పొరపాటు ఇదే. అమెరికాలోని తెలుగు కుటుంబాల పిల్లల విజయానికీ ఇది వర్తిస్తుంది. 1965 వలస చట్టం తరువాత అక్కడికి చేరిన తెలుగువారిలో వైద్యులు, ఇంజనీర్లు అధికం. సంతానం పరీక్ష రాయడానికి ఒక తరం ముందే తల్లిదండ్రులు ఒక ఎంపికను దాటివచ్చారు. ఆ పిల్లల శ్రమ నిజం. వారికి వ్యక్తిగత గుణాలలో తక్కువ అంచనా వేశారన్న ఆవేదనను తేలికగా తోసిపుచ్చలేం. 1920 దశకపు యూదు విద్యార్థి అనుభవం దానికి సాక్ష్యం. అయితే ఆ శ్రమకు తోడైన వ్యుత్పత్తి అందరికీ సమంగా అందలేదన్నదీ అంతే నిజం.

పరీక్షలు ఏమీ కొలవవన్న వాదమూ నిలవదు. మసాచుసెట్స్ సాంకేతిక సంస్థ 2022లోను, హార్వర్డ్ 2024లోను పరీక్షా ఫలితాలను తిరిగి తప్పనిసరి చేశాయి. వనరులు లేని పాఠశాలలోని సమర్థులను గుర్తించడానికి అవి తోడ్పడతాయన్నది ఆ సంస్థలు చూపిన కారణాలలో ఒకటి.

ముగింపు

ఒక శతాబ్ద చరిత్రలో ఒకే పరీక్ష బహిష్కారానికీ ఆహ్వానానికీ ఉపయోగపడింది. ఒకే సమగ్ర పరిశీలన కూడా అంతే. కనుక సాధనాన్ని మాత్రమే నిందించడం గాని కీర్తించడం గాని చాలదు. దాని వెనుక ఉన్న ఉద్దేశాన్ని, ఫలితాన్ని ప్రతి తరమూ తిరిగి విచారించవలసి ఉంటుంది. ఆ విచారణ తెలుగులో సాగాలంటే మాటల తేడా ముందుగా తేలాలి. పరీక్షలో వచ్చిన స్థానానికి ‘అర్హత’ అన్న మాట చాలు. ‘ప్రతిభ’ అన్నది అంతకన్న పెద్ద మాట; ఏ అంకె పక్కనైనా దానిని రాసే ముందు వ్యుత్పత్తి ఎవరికి ఎంత అందిందో అడగడం పరిశోధకుని కనీస బాధ్యత.