మోటారు సైకిలు: సొంత చేయి, మేస్త్రి చేయి

హైదరాబాదు నుండి బొంబాయి దారిలో ఇంచుమించు 100 కిలోమీటర్లు పోయినచో జహీరాబాదు వచ్చును. 1956 వరకు ఇది బీదరు జిల్లాలోని తాలూకా. రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణముతో మెదకు జిల్లాలో చేరినది. 2016 నుండి సంగారెడ్డి జిల్లాలో నున్నది. ఈ పట్టణమునకు యంత్రములతో పరిచయము గట్టిది. 1980 దశకమున ఆల్విన్ సంస్థ జపాను దేశపు నిస్సాన్ వారి సహకారముతో ఇచట తేలికపాటి ట్రక్కుల కర్మాగారమును నెలకొల్పినది. పిదప అది మహీంద్రా వారి చేతికి వచ్చినది.

ఇట్టి రహదారి పట్టణమున మోటారు సైకిలు గలవానికి ఒక పాత సందేహము కలదు: బండి మొరాయించినపుడు పానా తానే పట్టవలెనా, మేస్త్రికి డబ్బిచ్చి చేయించుకొనవలెనా? ప్రతి తరమును దీనికి తన సమాధానమును చెప్పుకొన్నది. ఆ సమాధానమును చాలవరకు నిర్ణయించినది మాత్రము యంత్రమే.

1952లో భారత సైన్యము 800 బుల్లెట్ బండ్లకై ఇంగ్లండులోని రాయల్ ఎన్‌ఫీల్డ్ వారిని కోరినది. 1955లో మద్రాసున ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ ఏర్పడినది. 1960 దశకమున మైసూరు నుండి జావా, ఎస్కార్ట్స్ సంస్థ నుండి రాజ్‌దూత్ బయలువెడలినవి. ఈ బండ్లను కొనుట ఒక యెత్తు, నడుపుట మరొక యెత్తు. వానికి వారము వారము చేయి తగులుచుండవలెను.

ఆ పని యెట్టిదో చూడుడు. ఇంజనులో నిప్పురవ్వ పుట్టవలసిన క్షణమును పాయింట్లు అను రెండు చిన్న లోహపు ముఖములు నిర్ణయించును. అవి తెరుచుకొనినపుడు వాని నడుమ ఎడము ఇంచుమించు 0.4 మిల్లీమీటరు ఉండవలెను. పాయింట్ల మడమ అరిగినకొలది ఎడము తగ్గును, నిప్పురవ్వ ఆలస్యమగును, బండి వేడెక్కును, కిక్కు కొట్టి కొట్టి కాలు నొప్పి పుట్టును. సన్నని రేకుల ఫీలరు గేజి యొకటి, స్క్రూడ్రైవరు ఒకటి ఉన్నచో యజమాని ఇంటి వాకిటనే ఆ ఎడమును సరిచేసికొనగలిగెడివాడు. జావా బండిలో లీటరు పెట్రోలునకు సుమారు 40 మిల్లీలీటర్ల నూనెను తానే కలుపుకొనెడివాడు. ప్లగ్గు విప్పి రంగు చూచినచో బండి ఆరోగ్యము తెలియును: నల్లని మసి యున్నచో పెట్రోలు ఎక్కువగుచున్నది; తెల్లబారినచో చాలకున్నది; లేత గోధుమ వన్నె యున్నచో అంతయు సరిగా నున్నది.

అయినను మేస్త్రి అవసరము తీరలేదు. సిలిండరు బోరు పట్టించుట, క్రాంకు విప్పి బేరింగులు మార్చుట ఇంటి పనిముట్లతో సాగునవి కావు. చెట్టు క్రిందనో, రేకుల కొట్టములోనో పనిచేయు మేస్త్రికి చెవియే పరికరము. ఇంజను శబ్దము వినియే టాపెట్టు మ్రోగుచున్నదో, పిస్టను కొట్టుచున్నదో చెప్పగలడు. దక్కను పట్టణములలో కుర్రవాండ్రు అతనిని ఉస్తాద్ అని పిలుచుచు, పానాలు అందించుటతో ఆరంభించి విద్య నేర్చిరి. ఆ కాలమున ఇల్లును కొట్టమును ఒకే విద్యను పంచుకొన్నవి. వారపు పని యజమానిది, పెద్ద పని ఉస్తాదుది.

1985లో హీరో హోండా సీడీ 100 వచ్చినది. నాలుగు స్ట్రోకుల ఇంజనులో పెట్రోలునకు నూనె కలుపు పని లేదు. ఆ తరము బండ్లలో పాయింట్ల స్థానమును ఎలక్ట్రానిక్ ఇగ్నిషను క్రమముగా ఆక్రమించినది. యజమానికి సుఖము కలిగినది. ప్లగ్గు రంగు చదువు విద్య ఇంటి నుండి జారిపోయినది. 2020 ఏప్రిల్ 1 నుండి బీఎస్ 6 నిబంధనలు అమలులోనికి రాగా, చాల బండ్లలో కార్బురేటరు స్థానమున ఫ్యూయల్ ఇంజెక్షను చేరినది. ఇపుడు లోపము చెప్పవలసినది స్కానరు. మొదట యజమాని చేతి నుండి పోయిన విద్య, ఈ మారు రహదారి ప్రక్కనున్న ఉస్తాదు చేతి నుండి పోవుచున్నది. స్కానరు కొనలేని కొట్టమునకు పాత బండ్లే దిక్కు. అవి తరిగినకొలది అచట పని నేర్చు కుర్రవాండ్రును తరుగుదురు.

కనుక ఈ సందేహమును కేవలము రూపాయల లెక్కతో తీర్చరాదు. చైను బిగువు, టైరు గాలి, ఇంజను ఆయిలు మట్టము, గాలి ఫిల్టరు శుభ్రత, ఇవి నేటికిని యజమాని చేయదగినవే. బ్రేకులు, ఇంజను లోపలి భాగములు తెలిసినవాని చేతనే చేయించుట క్షేమము; అల్యూమినియము మరలను అతిగా బిగించి చెడగొట్టినచో మిగిల్చిన కూలికంటె నష్టమే అధికము. అయితే తన బండిని కొంతయైన ఎరిగినవాడు కొట్టమునకు పోయినపుడు లోపమును మాటలలో చెప్పగలడు, మార్చిన సామానును గుర్తింపగలడు, మంచి పనివానికి తగిన కూలిని గొణుగకుండ ఇయ్యగలడు. ఏమియు తెలియనివాడు మంచి మేస్త్రిని, మోసగానిని ఒకే కాటాలో తూచును.