ఆశ్రయము: హక్కా, దయా? – భారతదేశములో శరణార్థులు, ప్రభుత్వ విచక్షణ

భారతదేశము 1951 నాటి అంతర్జాతీయ శరణార్థుల ఒడంబడికపై సంతకం చేయలేదు. మనకు శరణార్థుల చట్టమూ లేదు. ప్రాణభయంతో సరిహద్దు దాటి వచ్చినవాడు చట్టం దృష్టిలో ఒక విదేశీయుడు మాత్రమే. అతనిని ఉండనిచ్చుటా, పంపివేయుటా అన్నది ప్రభుత్వ విచక్షణకు చెందిన విషయం. ఈ విచక్షణ ఎవరిపట్ల ఎలా పనిచేసిందో, దానిని గూర్చి వాక్యము ఏమి బోధిస్తుందో ఈ వ్యాసంలో పరిశీలిద్దాము.

1. చట్టపు పునాది

1946 విదేశీయుల చట్టం ఈ అధికారాన్ని కేంద్రానికి ఇచ్చింది. 1955లో హాన్స్ ముల్లర్ కేసులో, విదేశీయుని వెళ్లగొట్టే అధికారానికి హద్దు లేదని సుప్రీంకోర్టు చెప్పింది. 1996లో చక్మాల కేసులో అదే న్యాయస్థానం, 21వ అధికరణం ఇచ్చే ప్రాణరక్షణ పౌరులు కానివారికి కూడా చెందుతుందని తీర్పునిచ్చింది. 2011 డిసెంబరు 29న హోంశాఖ ఒక కార్యవిధానం వెలువరించింది. దాని ప్రకారం, హింసాభయం నిజమని తోచినవారికి దీర్ఘకాలిక వీసా ఇవ్వవచ్చు. తోచనివారిని నిర్బంధించి పంపివేయవచ్చు. అయితే ఇది శాఖాపరమైన ఉత్తర్వే గాని చట్టం కాదు. 1946 చట్టం స్థానంలో 2025 సెప్టెంబరు 1న కొత్త చట్టం అమలులోకి వచ్చినా, విచక్షణ మాత్రం ప్రభుత్వం చేతిలోనే నిలిచింది.

2. బర్మా ద్వారము

బర్మా మన తీరప్రాంతానికి పరాయి దేశం కాదు. అక్కడ తెలుగువారిని కోరంగి రేవు పేరుతో కొరంగీలని పిలిచేవారు. 1942లో జపాను దాడికి లక్షలాది భారతీయులు కాలినడకన పారిపోయి వచ్చారు. దారిలో వేలాదిమంది చనిపోయారు. 1962లో నే విన్ అధికారం చేపట్టి, 1964లో దుకాణాలను జాతీయం చేయగా మరల వలస సాగింది. విశాఖపట్నంలోని బర్మా క్యాంపు ఆ చరిత్రకు గుర్తు.

అదే బర్మా నుండి వచ్చిన రోహింగ్యాలు హైదరాబాదు బాలాపూర్‌లో నివసిస్తున్నారు. వారిని గుర్తించి పంపివేయుమని 2017 ఆగస్టులో కేంద్రం రాష్ట్రాలకు వ్రాసింది. 2021 ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు జమ్ములో నిర్బంధించబడినవారి విడుదలకు ఆదేశించలేదు. నిర్ణీత విధానం పాటించకుండా పంపవద్దని మాత్రం చెప్పింది. ఆ ఏడాది మార్చిలోనే, సైనిక తిరుగుబాటు నుండి పారిపోయి వచ్చిన చిన్ ప్రజలను ఆపుమని కేంద్రం ఈశాన్య రాష్ట్రాలకు చెప్పగా, మిజోరాం ముఖ్యమంత్రి జోరంతంగా ప్రధానికి లేఖ వ్రాసి అంగీకరించలేదు. అక్కడి సంఘాలు వారికి అన్నవస్త్రాలు సమకూర్చాయి. ఈ చిన్ ప్రజలలో అత్యధికులు క్రైస్తవులు.

2025లో వచ్చిన మినహాయింపు ఉత్తర్వు, 2024 డిసెంబరు 31 లోపు మతహింసకు భయపడి పాకిస్తాన్, బంగ్లాదేశ్, ఆఫ్ఘనిస్తాన్‌ల నుండి వచ్చిన ఆరు మతాలవారిని శిక్షల నుండి తప్పించింది. వారిలో క్రైస్తవులున్నారు. ఆ దేశాల జాబితాలో మాత్రం మయన్మార్ లేదు. కాబట్టి పాకిస్తాన్ క్రైస్తవునికి దొరికిన దయ చిన్ క్రైస్తవునికి గాని, రోహింగ్యా ముస్లిముకు గాని దొరకలేదు.

3. గిబియోనీయుల సాక్ష్యము

గిబియోనీయులు దూరదేశస్థులమని చెప్పి ఆశ్రయం పొందారు (యెహోషువ 9). మూడు దినములకే అది అబద్ధమని తేలింది. అయినను ప్రమాణమును బట్టి ఇశ్రాయేలు వారిని చంపక, కట్టెలు నరుకువారిగా, నీళ్లు తోడువారిగా ఉండనిచ్చింది. తరువాత సౌలు వారిని హతముచేయ చూచినందుకు దావీదు కాలంలో మూడేండ్ల కరవు వచ్చింది (2 సమూయేలు 21). ఒకసారి ఇచ్చిన ఆశ్రయం తరువాతి పాలకుని ఇష్టానికి విడువబడదని ఇందులోని పాఠం. ఆశ్రయ పురములైతే ఇశ్రాయేలీయునికీ పరదేశికీ ఒకే నియమంతో తెరువబడి ఉండెను (సంఖ్యాకాండము 35:15).

వాక్యములో దయ ఉంది, దానికి నియమమూ ఉంది. నియమం లేని దయ ముఖం చూచి నడుస్తుంది. మన పేరు జాబితాలో ఉన్నదని సంతోషించే సంఘము, అందులో లేనివాని కొరకు కూడా అడుగవలెను. శరణార్థులకు ఒక చట్టం కావాలని కోరుట రాజకీయమని కొందరు అనవచ్చు. ఆశ్రయ పురములకు త్రోవ వేయుమని ధర్మశాస్త్రము ఆజ్ఞాపించిన సంగతిని (ద్వితీయోపదేశకాండము 19:3) వారు జ్ఞాపకము చేసికొనవలెను.