ముద్ర మీద ముద్ర: ఫ్రెంచ్ రాజుల వెండి ఎకూ

ఫ్రెంచ్ రాజుల వెండి నాణేలను పోగుచేసేవారు సాధారణంగా 1266 నుంచి లెక్క మొదలుపెడతారు. ఆ ఏడు తొమ్మిదో లూయీ ‘గ్రో తూర్నువా’ వేయించాడు. నాలుగు గ్రాముల పైచిలుకు వెండి. పన్నెండు దెనియేల చిల్లరకు సమానం. దాని మీద శిలువ, కోట గుర్తు, రాజు పేరు ఉన్నాయి గానీ ముఖం లేదు. ముఖం కోసం 1514 దాకా ఆగాలి. ఇటలీ నాణేలను చూసి పన్నెండో లూయీ ‘టెస్టన్’ కొట్టించాడు.

అసలు మోజంతా 1641లో పదమూడో లూయీ తెచ్చిన ఎకూ మీదే. ఇరవై ఏడు గ్రాముల పెద్ద నాణెం, ఆనాటి డబ్బు లెక్కలో విలువ మూడు లీవ్రులు. అచ్చులు చెక్కినవాడు జాన్ వారిన్. సుత్తి దెబ్బకు బదులు మర తిప్పి ముద్ర వేయడంతో అంచు గుండ్రంగా కుదిరింది, అంచులు కత్తిరించి వెండి దొంగిలించేవాళ్లకు పని కష్టమైంది.

పద్నాలుగో లూయీ యుద్ధాలు ఖజానాను పీల్చేశాయి. 1689లో వెర్సాయ్ కోటలోని వెండి సామాన్లనే కరిగించారు. అదీ చాలలేదు. జనం దగ్గరి పాత ఎకూలను తక్కువ ధరకు తీసుకుని, కరిగించకుండానే వాటి మీద కొత్త అచ్చు కొట్టి, ఎక్కువ విలువకు వదిలారు. 1690, 1693, 1701, 1704ల్లో ఇదే తంతు. అందుకే ముసలి రాజు చెంప మీద పాత అక్షరాలు, అంకెలు తేలుతాయి. వీటిని లోపాలనుకుని పక్కన పెట్టేవాళ్లున్నారు. నేనైతే వాటినే ముందు ఏరుకుంటాను. రాజ్యం అప్పుల బాధ ఇంత తేటగా ఇంకెక్కడా కనబడదు. ముద్రకు ముందు బరువు సరిచేయడానికి పెట్టిన ఆకురాయి గీతలూ అలాంటివే, దెబ్బలు కావు.

నాణెం ఏ టంకశాలదో దాని మీది అక్షరం చెబుతుంది: ‘ఏ’ పారిస్, ‘కె’ బోర్డో. పో పట్టణానికి మాత్రం బుల్లి ఆవు బొమ్మ!

1726లో ఎకూ ఇరవై తొమ్మిది గ్రాములు దాటి, ఆరు లీవ్రుల దగ్గర స్థిరపడి విప్లవం దాకా నిలిచింది. ఇటు మన దేశంలో, పుదుచ్చేరిలో ఫ్రెంచ్ ఈస్టిండియా కంపెనీ కిరీటం, లిల్లీ పూలతో ‘ఫణాలు’ అనే చిన్న వెండి నాణేలు కొట్టింది. రూపాయలకు మాత్రం మొగల్ చక్రవర్తి ముహమ్మద్ షా పేరే వాడింది. ఎకూలు దాచుకునే పెట్టెలో ఈ రెంటికీ చోటుండాలి.