బాలాపూర్ లడ్డూ ధర: మూడు దశాబ్దాల అంకెల చరిత్ర

హైదరాబాదు శివారున ఉన్న బాలాపూర్‌లో 1980 నుంచి గణేశ ఉత్సవాలు జరుగుతుండగా, స్వామివారి 21 కిలోల లడ్డూను వేలం వేసే ఆనవాయితీ 1994లో 450 రూపాయల పాటతో మొదలైంది. నిమజ్జనం నాటి ఉదయం విగ్రహాన్ని ఊరేగించి, బొడ్రాయి దగ్గర పాట ముగిశాకే శోభాయాత్ర హుస్సేన్‌సాగర్ దారి పడుతుంది. పాడుకున్నవారు ప్రసాదాన్ని బంధుమిత్రులకు పంచి, కొంత పొలాల్లో చల్లుకోవడం, వచ్చిన సొమ్మును ఊరి పనులకు, గుడి పనులకు వెచ్చించడం పరిపాటి. శాసనమో కైఫీయతో లేని ఈ ఆచారానికి చరిత్రకారుడి చేతికందే గట్టి ఆధారం, పత్రికలు ఏటా ఒక వరుస పెంచి అచ్చువేసే ధరల పట్టికే.

ఇలా కాలక్రమంలో పేర్చిన అంకెల వరుసను గణాంకశాస్త్రంలో కాలశ్రేణి అంటారు. ఇటువంటి శ్రేణులను విశ్లేషించడానికి బాగా వాడుకలో ఉన్న ప్రోగ్రామింగ్ భాష ‘ఆర్’ను న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ రూపొందించి, వేలం మొదలవడానికి ఒక ఏడాది ముందు, 1993లో, వెలుగులోకి తెచ్చారు. బాలాపూర్ పట్టికను అందులోకి ఎక్కించగానే మొదటి చిక్కు 2020 దగ్గర ఎదురవుతుంది. కోవిడ్ వల్ల ఆ ఏడు వేలం జరగలేదు కాబట్టి ఆ గడిలో సున్నా రాయకూడదు; సున్నా అంటే లడ్డూ ఊరికే పోయిందని అర్థం, పైగా దాని లాగరిథమ్ అడిగితే ‘ఆర్’ రుణ అనంతాన్ని చూపుతుంది. విలువ లేదని తెలిపే ‘ఎన్‌ఏ’ గుర్తు పెట్టడమే సరైన పద్ధతి.

మామూలు రేఖాపటంలో మొదటి పదేళ్లు నేలకు అతుక్కుపోయి, ఇటీవలి ఏళ్లు మాత్రమే కొండలా కనిపిస్తాయి. సమాన నిష్పత్తులను సమాన ఎత్తులుగా చూపే లాగరిథమ్ కొలతలో కథ తిరగబడుతుంది: 450 నుంచి 4,500కు ఒక్క ఏడాదిలోనే, 1995లో, ధర పదింతలు కాగా, 2002 నాటి 1,05,000 దాదాపు పదింతలై 10,32,000కు చేరడానికి 2015 వరకు పట్టింది. పత్రికల శీర్షికల్లో ‘రికార్డు’ అన్న మాట ఏటా కనిపిస్తున్నా, అసలైన దూకుడు ఎవరూ పెద్దగా పట్టించుకోని ఆ తొలినాళ్లదే.

ఈ పెరుగుదలను భూముల ధరలకు ముడిపెట్టడం రివాజు. శంషాబాద్ విమానాశ్రయం 2008 మార్చిలో ప్రారంభమైంది, బాహ్యవలయ రహదారీ ఆ కాలంలోనే వచ్చింది. అయినా ఆ ఏడాది 5,07,000 పలికిన లడ్డూ 2011లో 5,45,000 దగ్గరే ఉంది. ప్రపంచ మాంద్యం, తెలంగాణ ఉద్యమకాలపు అనిశ్చితి అందుకు కారణాలు కావచ్చు గాని, భూమి ఒక్కటే ఈ ధరను నడిపిందన్న వాదన ఆ మూడేళ్ల దగ్గర నిలవదు.

వరుస విలువల మధ్య తేడాలను ఇచ్చే ‘డిఫ్’ అనే ఆదేశం మరింత సూటిగా మాట్లాడుతుంది. 2016లో 14,65,000 పలికాక వరుసగా 95,000, లక్ష, మళ్లీ లక్ష పెరిగి, 2019లో ధర 17,60,000 అయింది. వేలం జరిగిన ఏ ఒక్క ఏడూ ధర అంతకుముందు పాటకంటే తగ్గలేదు. పాడేవారి మనసులో ఉన్నది పొలం ధరకంటే నిరుటి అంకె అని, దాన్ని దాటడమే గౌరవమని ఈ తేడాలు పట్టిస్తున్నాయి. 2024లో, పాటలో పాల్గొనేవారు నిరుటి మొత్తాన్ని ముందుగా డిపాజిట్ చేయాలన్న నిబంధనతో ఆ అలవాటుకు నియమబలం కూడా చేకూరింది.

2025లో లడ్డూ 35,00,000 పలికినప్పుడు, 30,01,000 మీద 4,99,000 పెరుగుదల అసాధారణంగా తోచింది. శాతంలో అది 16.6, 2002 నుంచి ఏటా చక్రవృద్ధిలో వస్తున్న సగటు 16.5.